చెట్టు మీద నష్టం, చెక్కు మీద పేరు

సెప్టెంబరు నెల వచ్చిందంటే ఇక్కడ న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక వారాంతం ప్రోగ్రాం ఖాయం. పులిహోర డబ్బాకెత్తుకుని, పిల్లల్ని మినీవ్యాన్ ఎక్కించి, యాపిల్ తోటకు ప్రయాణం! చెట్ల కింద ఫోటోలు, ట్రాక్టర్ బండి మీద షికారు, వేడివేడి సైడర్ డోనట్లు, ఇంటికొచ్చాక "ఇన్ని కాయలు ఏం చేసుకుంటాం?" అని ఒక చర్చ, మర్నాడు యాపిల్ పచ్చడి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకీ తాతయ్యలకీ కూడా నయాగరా కంటే ఈ తోటలే ఎక్కువ నచ్చుతాయి. ఎంతైనా మట్టీ చెట్టూ తెలిసినవాళ్ళు కదా!

2023లో మాత్రం ఆ సరదాకి గండి పడింది. ఆ ఏడు కొన్ని తోటల్లో కాయలు కోసుకోవడానికి జనాన్ని రానివ్వలేదు. రానివ్వడానికి చెట్ల మీద కాయలుంటే కదా! అలాంటప్పుడు మనం సాధారణంగా అనుకునే మాట ఒకటుంది: "అయ్యో పాపం! అయినా ఇది అమెరికా, గవర్నమెంటు డబ్బులిస్తుందిలే." అనుకుని, కారు ఇంకో తోట వైపు తిప్పుతాం.

నిజంగా ఇస్తుందా? ఇస్తే ఎంత? ఎప్పుడు? ఎవరికి? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబులు తెలుసుకుందాం. ఇక్కడ పన్నులు కట్టేవాళ్ళం కాబట్టి మొదటి మూడూ మనకు సంబంధించినవే. నాలుగోది ఇంకా దగ్గరది. అది మనల్ని ఈ తోటల నుంచి మన ఊరి పొలం గట్టు దాకా తీసుకుపోతుంది.

ఒకే ఏడాదిలో మూడు దెబ్బలు

2023లో ఈ ప్రాంతపు రైతులకు ఒకదాని మీద ఒకటి మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది ఫిబ్రవరి 4న. ఆ ఉదయం బోస్టన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. మనం హీటర్ పెంచుకుని పడుకున్నాం. తోటల్లో పీచ్ చెట్ల మొగ్గలు మాత్రం లోపల్లోపలే చనిపోయాయి. పువ్వు పూయకముందే ఆ ఏటి పీచ్ పంటలో చాలా భాగం పోయింది.

రెండోది మే 18 తెల్లవారుజామున. యాపిల్ చెట్లు పూతలోనో, పిందె మీదో ఉన్న సమయంలో మంచు కురిసి గడ్డ కట్టింది. న్యూయార్క్, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో తోటలు దెబ్బతిన్నాయి. నిండు పూత మీదున్న యాపిల్ చెట్టుకు 28 డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలితే పదో వంతు పువ్వులు పోతాయి. 25 డిగ్రీలు తగిలితే పదింట తొమ్మిది వంతులు పోతాయి. మధ్యలో తేడా మూడంటే మూడు డిగ్రీలు! అందుకే ఒకే కొండ మీద పై వరసలు బతికి, చలిగాలి దిగి నిలిచే పల్లపు వరసలు పోవడం జరుగుతుంది.

మూడోది జూలైలో వరద. వెర్మాంట్‌ను ముంచెత్తిన వానలకు కనెక్టికట్ నది, దాని ఉపనదులు పొంగి పశ్చిమ మసాచుసెట్స్ పొలాల్లోకి వచ్చాయి. మొదటి అంచనా ప్రకారమే కనీసం 75 వ్యవసాయ క్షేత్రాలు, సుమారు 2,000 ఎకరాల పంట, కోటిన్నర డాలర్ల నష్టం అని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వరద తీసిన తర్వాత చేలో గుమ్మడికాయలు, క్యాబేజీలు పైకి చక్కగానే కనబడతాయి. "కడిగి అమ్ముకోవచ్చు కదా?" అని మనకనిపిస్తుంది. వీల్లేదు. పొంగిన నది నీటిలో మురుగు, డీజిలు, రసాయనాలు కలిసి ఉండవచ్చు. అందుకని ఆ నీరు తగిలిన కాయగూరల్ని కలుషిత ఆహారంగానే చూడాలని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్.డి.ఏ. నియమం. నిక్షేపంలా కనబడుతున్న పంటని రైతు తన చేతులతోనే దున్నేయాలి. పంట పోవడం ఒక బాధ, ఉన్న పంటని పోగొట్టుకోవడం ఇంకో బాధ.

"విపత్తు" అని ప్రకటిస్తే చాలా?

పేపర్లో "ఫలానా కౌంటీని వ్యవసాయ విపత్తు ప్రాంతంగా ప్రకటించారు" అని చదవగానే రైతు ఖాతాలో డబ్బు పడిందనే అనుకుంటాం. అది సగం మాట కూడా కాదు.

ఒక కౌంటీలో ఏదైనా ఒక పంట 30 శాతం, లేదా అంతకంటే ఎక్కువ దెబ్బతింటే వ్యవసాయ శాఖ మంత్రి ఆ కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటించవచ్చు. దానిని ఆనుకుని ఉన్న కౌంటీలకూ అది వర్తిస్తుంది. 2023 మే మంచుకు న్యూ ఇంగ్లండ్‌లో పలు కౌంటీలకు అలాంటి ప్రకటన వచ్చింది. దానివల్ల రైతుకు ప్రధానంగా దక్కేది అత్యవసర రుణం తీసుకునే అర్హత. గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు. తక్కువ వడ్డీయే కావచ్చు, కానీ అప్పు అప్పే కదా! పంట పోయినవాడి చేతికి ముందుగా అందేది ఇంకో అప్పు కాగితం అన్నమాట.

అప్పు కాకుండా తిరిగి కట్టనక్కర్లేని సాయం కావాలంటే వేరే దారులున్నాయి.

మొదటిది పంట బీమా. అమెరికాలో 1938 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. పాలసీలు అమ్మేది ప్రైవేటు కంపెనీలు, ప్రీమియంలో పెద్ద వాటా భరించేది కేంద్ర ప్రభుత్వం. అయోవాలో వెయ్యి ఎకరాల మొక్కజొన్న వేసే రైతుకు ఇది చొక్కా కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. మన పక్కనున్న చిన్న రైతు పది ఎకరాల్లో ముప్ఫై రకాల కూరలు పండిస్తాడు. అతనికి ఆ చొక్కా పట్టదు. చాలా కూరగాయలకు చాలా కౌంటీల్లో అసలు పాలసీయే దొరకదు.

రెండోది, అలా బీమా దొరకని పంటల కోసం పెట్టిన పథకం. దాన్ని పొట్టిగా నాప్ అంటారు. నడిపేది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. ఈ సంస్థకు స్థానిక రైతులే ఓట్లేసి ఎన్నుకునే కౌంటీ కమిటీలుంటాయి.

మూడోది కొన్ని ప్రత్యేక పథకాలు. వరదకో, పిడుగుకో పశువులు చనిపోతే వాటి మార్కెట్ విలువలో 75 శాతం ఇచ్చేది ఒకటి. పండ్ల చెట్లే చనిపోతే తిరిగి నాటే ఖర్చులో కొంత భాగం ఇచ్చేది మరొకటి. కానీ మే 18 మంచులో చెట్లు చనిపోలేదు, పూత పోయింది. చెట్టు బతికింది కాబట్టి ఆ పథకం వర్తించదు. "మీ చెట్టు బతికే ఉందిగా" అంటే తోట రైతు ఏం చెబుతాడు?

నాలుగోది, పై మూడూ చాలనప్పుడు కాంగ్రెస్ అప్పటికప్పుడు చేసే ప్రత్యేక చట్టం. దాని కథ తర్వాత చూద్దాం.

ఒకసారి లెక్క వేద్దాం

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఏదైనా ప్రోగ్రాం అర్థం కావాలంటే అందులోకి ఒక అంకె పంపి, బయటికి ఏం వస్తుందో చూడటం అలవాటు. నాప్ పథకానికీ అదే పని చేద్దాం.

ఒక రైతుకు మామూలుగా 1,000 పెట్టెల కూరగాయలు పండుతాయి, పెట్టె ధర 20 డాలర్లు అనుకుందాం. మొత్తం 20,000 డాలర్ల పంట. నాప్‌లో ప్రాథమిక స్థాయి కింద మొదటి 50 శాతం నష్టం రైతే భరించాలి. ఆపైన పోయిన పంటకు సగటు మార్కెట్ ధరలో 55 శాతం ఇస్తారు. పెట్టెకు 11 డాలర్లన్నమాట.

పంట మొత్తం పోయిందనుకోండి. 500 పెట్టెలకు 11 డాలర్ల చొప్పున 5,500 డాలర్లు. అంటే 20,000లో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. కోత ఖర్చు పెట్టలేదు కాబట్టి అందులోనూ కొంత తగ్గించవచ్చు. 450 పెట్టెలు పోయాయనుకోండి. 9,000 డాలర్ల నష్టం, వచ్చేది సున్నా! అదనపు ప్రీమియం కట్టి పెద్ద కవరేజీ కొనుక్కోవచ్చు, కానీ ఆ నిర్ణయం విత్తనం వేయకముందే తీసుకోవాలి.

ఇక కాగితాల సంగతి. ముందుగానే పథకంలో చేరాలి, ఫీజు కట్టాలి, ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారో గడువులోగా నమోదు చేయించాలి. నష్టం జరిగాక 15 రోజుల్లో తెలియజేయాలి. చేత్తో కోసే కొన్ని పంటలకైతే 72 గంటల్లోనే చెప్పాలి. చేలో మోకాలి లోతు నీళ్ళుండగా, బోదెలన్నీ బురదతో పూడిపోయి ఉండగా, ఆఫీసుకి ఫోను చేసి ఫారం నింపాలి. ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు వెనక్కి. హెచ్1 వీసా కాగితాలు నింపిన మనకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పందొమ్మిది నెలల నిరీక్షణ

ఇప్పుడు కాంగ్రెస్ సంగతి. 1988 నాటి పెద్ద కరువుకు ప్రత్యేక చట్టం చేశారు. 2017 హరికేన్‌లకు, కార్చిచ్చులకు మళ్ళీ చేశారు. అలా పెద్ద విపత్తు వచ్చినప్పుడల్లా చేస్తూ వస్తున్నారు. ఇవి చట్టసభ దయతలచి ఇచ్చేవే గాని, రైతు ముందుగా లెక్కలో వేసుకోగల డబ్బు కాదు.

2023 నష్టాలకు ఆ చట్టం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 డిసెంబరు 21న. అందులో వ్యవసాయ విపత్తు సాయానికి సుమారు 2,078 కోట్ల డాలర్లు కేటాయించారు. మే 18న పూత పోయిన తోట రైతు అక్కడికి పందొమ్మిది నెలలు ఎదురుచూశాడు. అదీ చట్టానికి మాత్రమే, డబ్బుకు కాదు. దరఖాస్తుల మొదటి దశ 2025 జూలైలో మొదలైంది. లెక్క కట్టిన మొత్తంలోనూ మొదటి విడతగా 35 శాతమే ఇస్తామన్నారు. చిన్న వ్యవసాయం ఉన్న కొన్ని రాష్ట్రాల కోసం అదే చట్టంలో విడిగా 22 కోట్ల డాలర్ల గ్రాంటు పెట్టారు. మసాచుసెట్స్, కనెక్టికట్, మెయిన్, హవాయి రాష్ట్రాలు జాతీయ పథకానికి బదులు ఈ గ్రాంటు ద్వారానే తమ రైతులను ఆదుకునే దారి ఎంచుకున్నాయి.

ఈలోగా ఆ తోటలో పని ఆగిందా? రెండు చలికాలాలు కొమ్మలు కత్తిరించారు. రెండు వేసవులు మందులు కొట్టారు, గడ్డి కోశారు, కూలీలకు జీతాలిచ్చారు. కాయలు కాసినా కాయకపోయినా చెట్టు మేత చెట్టుకు పెట్టాల్సిందే.

స్థానికంగా జరిగిన మంచి పని ఒకటి చెప్పుకోవాలి. 2023 జూలై వరదలు వచ్చిన రోజుల్లోనే మసాచుసెట్స్‌లో దాతల విరాళాలతో ఒక నిధి మొదలైంది. ఆ పైన రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏటి మంచు, వరద నష్టాల కోసం తన సొంత బడ్జెట్ నుంచి 2 కోట్ల డాలర్లు తీసింది. కేంద్రంలో చట్టం కాకముందే, 2024లోనే ఆ సొమ్ము వందలాది రైతులకు అందింది. నష్టం మొత్తం పూడలేదు. కానీ విత్తనాలు కొనే వేళకు చేతికొచ్చిన డాలరు విలువ వేరు, రెండేళ్ళ తర్వాత వచ్చే డాలరు విలువ వేరు.

తొందరపడితే ఏమవుతుంది?

ఇదంతా విని "ఈ ఫారాలూ తనిఖీలూ తీసేసి వెంటనే ఇచ్చేయొచ్చుగా?" అని అడగవచ్చు. అదీ ఒకసారి చేసి చూశారు.

2002 కరువులో పశువుల రైతుల కోసం ఒక పరిహార పథకం పెట్టారు. పశువుకింత అని లెక్కగట్టి ఇచ్చేయడమే, రైతు విడిగా నష్టం రుజువు చూపించక్కర్లేదు. తర్వాత కాంగ్రెస్ ఆ పథకాన్ని పొడిగిస్తూ కరువే అయి ఉండాలన్న నిబంధన కూడా సడలించింది. కౌంటీలో ఏదో ఒక విపత్తు ప్రకటన ఉంటే చాలన్నారు. 2003 ఫిబ్రవరి 1న మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములను బలిగొన్న కొలంబియా నౌక శకలాలు టెక్సస్ మీద పడ్డాయి కదా! శకలాలు పడ్డ కౌంటీలకు విపత్తు ప్రకటన వచ్చింది. దాన్ని చూపించి అక్కడి పశువుల యజమానులకు "కరువు" సాయం అందింది! గడ్డి ఎండిందీ లేదు, గొడ్డు చచ్చిందీ లేదు.

2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఈ సంగతిని బయటపెట్టింది. ఆ పథకం కింద పంచిన 120 కోట్ల డాలర్లలో సగానికి పైగా, 63.5 కోట్ల డాలర్లు, కరువు అసలు లేని, లేదా ఓ మోస్తరుగా ఉన్న ప్రాంతాలకే వెళ్ళాయని ఆ పత్రిక లెక్క తేల్చింది.

అంటే గట్టిగా తనిఖీ చేస్తే ఆలస్యం, వదిలేస్తే దుబారా. ఈ రెంటికీ మధ్య తూకం కుదరడం అంత సులభం కాదు. కానీ ఈ చట్టాల్లో ఒక చిన్న వాక్యం నాకు ఎంతో నచ్చింది. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

నష్టం ఎవరిదో, సాయం వారిది

అమెరికా వ్యవసాయ శాఖ నియమాల్లో "ప్రొడ్యూసర్" అన్న మాటకు నిర్వచనం ఉంది. యజమాని కావచ్చు, కౌలుదారు కావచ్చు, పాలికాపు కావచ్చు. పంట పండించడంలో ఉన్న రిస్కులో వాటా ఉండాలి, వచ్చిన పంటలో వాటా ఉండాలి. ఆ రెండూ ఉన్నవారే ప్రొడ్యూసర్, వారికే సాయం.

దీని అర్థం ఏమిటంటే, భూమి ఎవరి పేరున ఉందన్నది కాదు ముఖ్యం. ఇక్కడ చాలామంది రైతులు ఇతరుల భూమిని నగదు కౌలుకు తీసుకుని సాగు చేస్తారు. పంట పోయినా పండినా ఆ భూమి యజమానికి కౌలు డబ్బు మారదు. కాబట్టి అతనికి రిస్కు లేదు, విపత్తు సాయమూ లేదు. మొత్తం సాగు చేసిన కౌలుదారుకే. పంటలో వాటా తీసుకునే పద్ధతిలో ఇస్తే, నష్టంలో యజమాని వాటా ఎంతో సాయంలోనూ అంతే.

ఆలస్యాలు, లోపాలు ఎన్నున్నా ఈ ఒక్క వాక్యం ధర్మంగా ఉంది. చదివినప్పుడు నా మనసు తిన్నగా మన ఊరికి వెళ్ళింది. ఎందుకంటారా?

భూమి మనది, పైరు ఎవరిది?

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి ఊళ్ళో ఎకరమో, అయిదెకరాలో ఉంటుంది. తాతలిచ్చిందో, బోనస్ వచ్చినప్పుడు కొన్నదో. పాసుపుస్తకం మన పేరునో, నాన్నగారి పేరునో ఉంటుంది. సాగు చేసేది మాత్రం కౌలు రైతు. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, అప్పు మీద వడ్డీ అన్నీ అతనివే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అయితే ఇది మరీ ఎక్కువ.

ఇక్కడ మంచుకు, వరదకు తోటలు పోయిన అదే 2023లో, డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది. కోసి కుప్పేయనివాళ్ళ పనలు చేలోనే మొలకలెత్తాయి. అలాంటప్పుడు ప్రభుత్వం ఇచ్చేదాన్ని మన దగ్గర ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. 2022 నుంచి 2026 వరకు కేంద్రం నిర్ణయించిన ప్రమాణం ప్రకారం, పంట 33 శాతం లేదా అంతకంటే ఎక్కువ పోతే నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధార భూమికి 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు. రాష్ట్రాలు దీనిపైన తమ వంతు కలపవచ్చు. ఎకరానికి చూస్తే మాగాణికి ఏడు వేలకు కాస్త తక్కువ. పెట్టుబడిలో అది ఏ మూలకు?

ఆ కొద్ది కూడా ఎవరికి చేరుతుందన్నదే ప్రశ్న. కౌలు ఒప్పందాలు మన దగ్గర ఎక్కువగా నోటి మాటే. కాగితం లేని కౌలు రైతు పేరు రికార్డులోకి ఎక్కదు. అప్పుడు పైరు పోయింది ఒకరిది, డబ్బు పడింది ఇంకొకరి ఖాతాలో. ఒక్కోసారి ఆ ఖాతా డాలర్లలో జీతం తీసుకునేవారిది!

ప్రభుత్వాలు ఈ లోటు గుర్తించలేదని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితే సాగుదారుకు కార్డు ఇస్తారు, యజమాని భూమి హక్కుకు భంగం లేదు. పొలంలో ఏ పంట ఎవరు వేశారో రాసే ఈ-క్రాప్ నమోదు కూడా ఉంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే వెళ్ళింది. కానీ 2023 మార్చి వడగళ్ళ వానకు ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించినప్పుడు కౌలు రైతులకూ అందేలా చూడాలని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు చెప్పారు.

అన్నీ ఉన్నా చిక్కుముడి ఒక్కచోటే పడుతోంది. యజమాని సంతకం. "సంతకం పెడితే రేపు భూమి నాదంటాడేమో" అన్న భయం. మనం వేల మైళ్ళ దూరంలో ఉంటాం కాబట్టి ఆ భయం ఇంకాస్త ఎక్కువ. ఊళ్ళో మా పొలం వ్యవహారాలు చూసే బాబాయితో ఫోనులో ఈ మాటే వచ్చింది. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, భూమి నీదే, ఎక్కడికీ పోదు. పైరు మాత్రం ఆయనది. పైరు మీద వచ్చే డబ్బు పైరుగలాయనదే కదరా!" అమెరికా వ్యవసాయ శాఖ అన్ని పేజీల్లో రాసుకున్నదాన్ని మా బాబాయి కాఫీ తాగుతూ చెప్పేశాడు.

మనం చేయగలిగినవి

ఊళ్ళో పొలం కౌలుకిచ్చినవాళ్ళు ఈ ఉగాదికో, వచ్చే సెలవుల్లోనో మూడు పనులు చేయవచ్చు. ఒకటి, కౌలు ఒప్పందం కాగితం మీద పెట్టి సాగుదారు కార్డుకు సంతకం చేయడం. ప్రస్తుత నిబంధనలు ఏమిటో మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, మండల వ్యవసాయాధికారినో పెద్దల చేత అడిగించండి. రెండు, పంట నమోదులో సాగు చేసేవారి పేరే ఎక్కేలా చూడమని పొలం చూసేవారికి చెప్పడం. మూడు, ఎలాగైనా పంట నష్టం డబ్బు మన ఖాతాలో పడితే, కౌలు బకాయిలో చెల్లు వేసుకోకుండా అది సాగు చేసినవారికి పంపడం. సంఘం తరఫున తుపాను బాధితులకు విరాళాలు పోగు చేస్తాం, మంచిదే. దానికంటే ముందు మన పాసుపుస్తకం తెరిచి చూసుకోవడం ఇంకా మంచిది.

ఇక్కడి రైతుల విషయంలోనూ మనకు దారి ఉంది. సి.ఎస్.ఎ. అని విని ఉంటారు. వసంతంలోనే ఒక వాటాకు డబ్బు కట్టేస్తాం, సీజన్ పొడుగునా వారం వారం మన వాటా కూరలు తెచ్చుకుంటాం. బాగా పండితే సంచీ నిండుతుంది, వరదొస్తే సంచీ తేలికవుతుంది. అంటే రైతు రిస్కులో మనమూ వాటాదారులం. అమెరికాలో ఈ పద్ధతి 1986లో రెండు చోట్ల మొదలైంది. ఒకటి మన మసాచుసెట్స్‌లోనే, సౌత్ ఎగ్రిమాంట్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్. రెండోది న్యూ హాంప్‌షైర్‌లో. విత్తనాల ఖర్చు వేళకు రైతు చేతికి డబ్బు వస్తుంది, ఫారం లేదు, పందొమ్మిది నెలల నిరీక్షణ లేదు. మా వాటాలో ఒక వారం వరుసగా టర్నిప్‌లే వచ్చిన మాట నిజం. సాంబారులో అవీ బాగానే ఉంటాయి.

ఇంకో చిన్న సంగతి. వడగళ్ళు పడిన ఏడు యాపిల్స్ మీద మచ్చలుంటాయి. రుచికి లోటుండదు. మనం మచ్చలేని కాయే ఏరుకుంటే ఆ రైతుకు రెండోసారి వడగళ్ళు పడ్డట్టే.

పిల్లలూ, ఇది మీకోసం

ఒకటి: పైన చెప్పిన లెక్కలో 1,000 పెట్టెలకు 700 పెట్టెలు పోతే రైతుకు ఎంత వస్తుంది? (జవాబు: 500 పోను మిగిలిన 200 పెట్టెలకు 11 డాలర్ల చొప్పున 2,200 డాలర్లు. పోయింది 14,000 డాలర్ల పంట!)

రెండు: మంచు కురిసిన మర్నాడు తోట రైతు ఒక యాపిల్ పువ్వును గోటితో చీల్చి చూస్తాడు. మధ్యలో పచ్చగా ఉంటే బతికింది, నల్లబడితే పోయింది. ఈసారి తోటకు వెళ్ళినప్పుడు, ఇలాంటి రోజు చూశారా అని రైతును మర్యాదగా అడగండి.

మూడు: తాతయ్యకో నాయనమ్మకో ఫోను చేసి 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి అడగండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: "మన పొలం ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు? వాళ్ళ పేరేమిటి?"

ఆ పేరు మనలో చాలామంది పిల్లలకే కాదు, పెద్దలకీ తెలియదు. ఇక్కడైనా అక్కడైనా సాయం సరైన చోటికి చేరాలంటే ముందు తెలియాల్సింది ఆ పేరే. ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు కనుక్కోండి.